ఊరి లైబ్రరీలో ‘జైట్‌గైస్ట్’ వేయాలా, వద్దా?

రాజోలు లైబ్రరీ కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మా ఊరి గ్రంథాలయంలో నెలకో ఆదివారం సాయంత్రం ప్రొజెక్టరు పెట్టి ఏదో ఒక డాక్యుమెంటరీ వేస్తున్నాం. ఈసారి ‘జైట్‌గైస్ట్’ వరస వేద్దామని మాలో కొందరం అనుకున్నాం. పీటర్ జోసెఫ్ అనే అమెరికన్ తీశాడు. మొదటిది 2007లో, రెండోది 2008లో, మూడోది 2011లో వచ్చాయి. నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మొదటి సినిమా మూడు భాగాలు. ఏసుక్రీస్తు కథ పాత దేవుళ్ల కథల నుంచి అల్లిందేనని ఒకటి. 2001 సెప్టెంబరు 11 దాడులు అమెరికా లోపలివాళ్ల పనేనని ఇంకొకటి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ గుప్పెడు మంది బ్యాంకర్ల చేతిలో ఉందని మూడోది. రెండో సినిమా డబ్బు ఎలా పుడుతుందో చెబుతుంది. బ్యాంకు అప్పిచ్చినప్పుడే కొత్త డబ్బు పుడుతుందట, వడ్డీకి సరిపడా డబ్బు మాత్రం ఎప్పుడూ పుట్టదట, కాబట్టి ఎవరో ఒకరు మునగక తప్పదట. చివర్లో జాక్ ఫ్రెస్కో అనే పెద్దాయన ఫ్లోరిడాలోని వీనస్ అనే చోట పెట్టుకున్న ప్రాజెక్టు చూపిస్తారు. అసలు డబ్బే లేకుండా, ఉన్న వనరుల్ని సైన్సు ప్రకారం అందరికీ పంచే సమాజం ఆయన కల.

మా కమిటీలో సగం మంది వద్దంటున్నారు. క్రైస్తవ కుటుంబాలు నొచ్చుకుంటాయని కొందరు, అబద్ధాలు పంచినట్టవుతుందని కొందరు. నేను వేయాలనే అంటున్నాను. డిగ్రీ మూడేళ్లలో డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు. మా నాన్న జీవితమంతా వడ్డీలు కట్టారు. ఎందుకు తీరడం లేదని ఇంట్లో మేం ఎప్పుడూ అడగలేదు. రెండో సినిమా చూశాకే ఆ ప్రశ్న అడగాలనిపించింది. మీరేమంటారు?

పాలకొల్లు లెక్చరర్ (రిటైర్డ్):
బాబూ, నేను ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి. నీ ప్రశ్న మంచిది. నువ్వు ఎంచుకున్న గురువు మాత్రం నమ్మదగ్గవాడు కాదు. ఎందుకో చెబుతాను.

మొదటి సినిమా మొదటి భాగంలో మన కృష్ణుడి ప్రస్తావన ఉంది. దేవకి కన్యగా ఉండగానే కృష్ణుణ్ణి కన్నదని, తూర్పున నక్షత్రం పొడిచిందని, చనిపోయాక మళ్లీ లేచాడని చెబుతారు. దేవకికి కృష్ణుడు ఎనిమిదో సంతానం. ముందు పుట్టిన ఆరుగురిని కంసుడు చంపాడు, ఏడో గర్భం రోహిణికి మారింది. చెరసాలలో, అష్టమి అర్ధరాత్రి పుట్టాడు. చివరికి బోయవాడి బాణం తగిలి అవతారం చాలించాడు. పోతన భాగవతం చదవకపోయినా, కృష్ణాష్టమికి ఉట్టి కొట్టిన పిల్లవాడికైనా ఇది తెలుసు. మనకి తెలిసిన ఒక్క సంగతిలోనే ఇంత తప్పు చెప్పినవాడు, మనకి తెలియని ఈజిప్టు దేవుళ్ల గురించి, న్యూయార్కు భవనాల గురించి చెప్పేది ఎలా నమ్మాలి?

అదే సినిమా అమెరికా, కెనడా, మెక్సికో కలిసిపోయి ‘అమెరో’ అనే కొత్త కరెన్సీ వచ్చేస్తుందని 2007లో చెప్పింది. అది రాలేదు. మనుషుల ఒంట్లో చిప్పులు పెడతారని భయపెట్టి ముగించింది. 2016 నవంబరులో మన 2000 నోటులో చిప్పు ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహం పట్టేస్తుందని టీవీల్లో కూడా చెప్పారు, గుర్తుందా? భయం ఒకటే, ఊళ్లు వేరు.

ఫెడరల్ రిజర్వ్ సంగతిలో కొంత నిజం ఉంది. 1910 నవంబరులో సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్, పాల్ వార్‌బర్గ్ మరికొందరు బ్యాంకర్లు జార్జియా తీరంలో జెకిల్ దీవికి ఎవరికీ తెలియకుండా వెళ్లారు. ప్రయాణంలో ఇంటిపేర్లు కూడా పలకలేదు. అక్కడ రాసుకున్న ఆల్డ్రిచ్ ప్లాను కాంగ్రెస్‌లో నెగ్గలేదు. 1913 డిసెంబరు 23న వచ్చిన చట్టం అందులోంచి చాలా తీసుకున్నా, పైన అధ్యక్షుడు నియమించే బోర్డును పెట్టింది. సభ్య బ్యాంకులకి వాటాలున్నాయి గానీ అవి అమ్ముకునేవి కావు, డివిడెండుకి చట్టమే హద్దు పెట్టింది. లాభం వచ్చిన ఏడాది ఖర్చులు పోను మిగిలింది అమెరికా ఖజానాకే పోతుంది.

మన రిజర్వు బ్యాంకు కూడా రాత్‌చైల్డ్ అనే యూరప్ బ్యాంకర్ల కుటుంబానిదని వాట్సాప్‌లో తిరుగుతోంది. 1935లో అది ప్రైవేటు వాటాదార్లతో మొదలైన మాట నిజం. 1949 జనవరి 1న జాతీయం చేశారు. 2023-24 సంవత్సరానికి 2,10,874 కోట్ల మిగులు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

భీమవరం చెరువు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. చదువుకున్నవాళ్లు ఎప్పుడూ ఇలాగే చెబుతారండి, ‘అంతా చట్టప్రకారమే’ అని. సత్యం కంప్యూటర్స్ లెక్కలు కూడా ఆడిటర్లు సంతకం పెట్టినవే కదా. 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయంగా ఉత్తరం రాసేదాకా, లేని వేల కోట్లు బ్యాంకులో ఉన్నట్టు కాగితాల మీద ఉన్నాయి. ఆ ముందురోజు ఎవరైనా అనుమానం అంటే కుట్ర సిద్ధాంతం అనేవాళ్లు. లండన్‌లో పెద్ద బ్యాంకులు లైబార్ వడ్డీ రేటునే తమకి కావలసినట్టు తిప్పుకున్నాయని 2012లో బయటపడింది. అప్పట్లో ప్రపంచమంతా ఎన్నో అప్పుల మీద వడ్డీ ఆ రేటుని బట్టే కట్టేవాళ్లు.

మా దగ్గర సంగతి చెబుతాను. రొయ్య ముప్పై కౌంటు, అంటే కేజీకి ముప్పై తూగే సైజు, వచ్చేదాకా ధర బాగానే పలుకుతుంది. చెరువు పట్టుబడికి సిద్ధం, ఐసు చెప్పాం, వలలవాళ్లు వచ్చారు అనేసరికి ఫోనులో ధర తగ్గుతుంది. ఒక్కడు తగ్గిస్తే వేరేవాడికి ఇవ్వొచ్చు. అందరూ ఒకే రోజు, ఒకే రూపాయలు తగ్గిస్తారు. రొయ్య ఆగదు. ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. ఇది కుట్ర కాకపోతే ఏమిటి? అందుకే ఆ సినిమా వేయాలంటాను, మొదటి దాంతో సహా.

ద్వాక్రా అక్క, అమలాపురం:
తమ్ముడూ, మా గ్రూపు ఆడవాళ్లకి రెండో సినిమా వేస్తే చాలామంది ఏడుస్తారు. అది అబద్ధమనో నిజమనో కాదు, వాళ్లు బతికింది అదే. 2010కి ముందు మైక్రో ఫైనాన్సువాళ్లు వారం వారం వచ్చి కూర్చునేవాళ్లు. ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతా అందరూ కట్టాలి. అందుకని పక్కింటావిడే వచ్చి గుమ్మం ముందు నిలబడేది. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాకే వారం వసూళ్లు ఆగాయి. వడ్డీకి సరిపడా డబ్బు పుట్టదు అని ఆ సినిమా అంటే, అవును, మాకు పుట్టలేదు అంటారు వీళ్లు.

మాస్టారు గారు దీనికి జవాబు చెప్పాలి.

పాలకొల్లు లెక్చరర్ (రిటైర్డ్):
చెబుతానమ్మా. ఆ సినిమా ఒక విషయం సరిగ్గానే పట్టుకుంది. బ్యాంకు అప్పిచ్చినప్పుడు ఎవరి డబ్బో తీసి ఇవ్వదు, మీ ఖాతాలో అంకె రాస్తుంది, ఆ అంకే కొత్త డబ్బు. ఇందులో రహస్యం లేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన పత్రికలో పాఠంలాగా రాసింది. సినిమా చూపించే చిన్న పుస్తకం కూడా ఫెడరల్ రిజర్వ్ వారి చికాగో బ్యాంకు 1961 నుంచి జనానికి పంచినదే.

తప్పిందల్లా వడ్డీ దగ్గర. లక్ష అప్పు మీద పదివేలు వడ్డీ వసూలైందనుకోండి. ఆ పదివేలు బీరువాలో కూర్చోవు. ఉద్యోగుల జీతం, బిల్డింగు అద్దె, డిపాజిటర్ల వడ్డీ, వాటాదార్ల డివిడెండు రూపంలో మళ్లీ బజారుకి వస్తాయి. ఆ బ్యాంకు గుమాస్తా రావులపాలెంలో అరటి గెల కొంటాడు, గెల అమ్మినాయన ఆ డబ్బుతోనే తన కిస్తీ కడతాడు. ఒకే నోటు ఏడాదిలో ఎన్నో కిస్తీలు తీరుస్తుంది. కాబట్టి దేశం మొత్తం మీద వడ్డీకి డబ్బు లేదన్నది లెక్క తప్పు. అప్పులివ్వడం ఒక్కసారిగా ఆగిపోతే, 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్యాంకు పడినప్పటిలాగా, అప్పుడు అందరికీ ఊపిరాడదు. అది వేరే సంగతి.

మీ గ్రూపు ఆడవాళ్లకి వడ్డీ కట్టే డబ్బు లేకపోవడానికి కారణం, వాళ్ల సంపాదన కన్నా వడ్డీ వేగంగా పెరగడం. కూలి తక్కువ, వడ్డీ ఎక్కువ. ఆ రెండు అంకెల్నీ ఎవరు నిర్ణయిస్తున్నారో అడగాలి. ఆ సినిమా ఆ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ ఆగకుండా, మొత్తం డబ్బే మాయ అని దాటేస్తుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

కాలువ శివారు:
నేను కౌలుకి చేస్తానండి. సఖినేటిపల్లి వైపు, కాలువ ఆఖర్న. ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను గానీ, భీమవరం బాబాయ్ మాటకి జవాబు చెప్పాలనిపించింది.

2011 సార్వాకి, అంటే ఖరీఫ్‌కి, గిట్టుబాటు కాక వరి వేయమని కోనసీమలో పంట విరామం ప్రకటించాం, అందరికీ తెలిసిందే. దేశమంతా వార్త అయింది. కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అంతకు ముందు సీజనుకి మామూలు రకం వడ్లకి మద్దతు ధర క్వింటా 1000 రూపాయలు. అంటే మన 75 కేజీల బస్తాకి 750. ఆ 750 కూడా కళ్లంలో చేతికి రాలేదు. తేమ ఎక్కువ, రంగు మారింది అని తగ్గించి కొన్నారు. అప్పుడు ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, ‘మిల్లర్లంతా ఒకటైపోయారు’ అని. అయ్యుండొచ్చు. నేను కాదనను.

కానీ అంతకన్నా పెద్దది ఒకటుంది. 2008 ఏప్రిల్ నుంచి 2011 సెప్టెంబరు దాకా బాస్మతి కాని మామూలు బియ్యం ఎగుమతిని కేంద్రం దాదాపుగా ఆపేసింది. కాకినాడ పోర్టు మనకి అంత దగ్గర. బయట దేశాల్లో బియ్యం ధర మండిపోయిన 2008లో మన బియ్యం గోడౌన్లలో ఉంది. మిల్లరు కొనకపోవడానికి, కొన్నా తక్కువకి అడగడానికి అదొక పెద్ద కారణం. ఆ ఉత్తర్వు ఏ దీవిలోనూ రహస్యంగా రాయలేదు. గెజిట్‌లో అచ్చయింది, పేపర్లో వచ్చింది. 2023 జులై 20న తెల్ల బియ్యం మీద మళ్లీ అదే ఉత్తర్వు వచ్చింది, 2024 సెప్టెంబరు ఆఖరు దాకా నడిచింది. పట్నాల్లో బియ్యం కొనుక్కు తినేవాళ్ల కోసం అన్నారు. వాళ్ల అవసరం నిజమే, మా చెల్లెలు హైదరాబాదులో కొనుక్కునే తింటుంది. ఆ భారం పండించేవాడొక్కడే ఎందుకు మోయాలి అని మేం ఎవర్నీ గట్టిగా అడగలేదు. మిల్లరు మొహం కనిపిస్తుంది కాబట్టి అతన్ని తిట్టుకుని ఊరుకున్నాం.

ఇంకొకటి. నేను చేసే పొలం యజమాని ఊళ్లో ఉండరు. మంచివారే. ఆ సర్వే నంబరు మీద పంట రుణం ఆయన పేరున ఉంది. అదే నంబరు మీద బ్యాంకు నాకు ఇవ్వదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే ఆయన సంతకం కావాలి. సంతకం పెడితే రేపు పొలం మీద హక్కు అడుగుతాడేమోనని ఆయన భయం. అంతకు ముందు 2011 చట్టంలో ఆ సంతకం అక్కర్లేదు, అయినా కార్డు పట్టుకెళ్తే బ్యాంకులో పని జరిగేది కాదు. అందుకని పెట్టుబడి కమీషన్ వ్యాపారి దగ్గరే. పంట ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన ధరకే. ఇందులో ఏ రాత్‌చైల్డూ లేడు. చట్టంలో ఒక వాక్యం ఉంది, బ్యాంకు నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. చదువుకున్న ప్రతివాడికీ అందుబాటులో ఉన్నాయి.

అందుకే ఆ మొదటి సినిమా వేయొద్దంటాను. అది మన చూపుని చీకటి గదిలో కూర్చున్న ఎవరి మీదికో తిప్పుతుంది. మనల్ని ముంచేది పట్టపగలే, సంతకాలతో, ముద్రలతో జరుగుతోంది. అదెవరూ చదవడం లేదని నా బాధ.

భీమవరం చెరువు:
అబ్బాయ్, ఎగుమతి ఆపమని కేంద్రానికి ఎవరు చెప్పారు? ఆ ఉత్తర్వు వెనక ఎవరూ లేరంటావా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, రొయ్య మీద కూడా. గెజిట్‌లో ఉంది కాబట్టి వెనక మనుషులు లేరని ఎలా?

కాలువ శివారు:
మనుషులున్నారు బాబాయ్, ఎందుకు లేరు. వాళ్ల పేర్లు తెలుసు, పదవులు తెలుసు, ఐదేళ్లకోసారి మన ఊరొస్తారు. తెలిసిన మనిషిని అడగొచ్చు. ఆ సినిమా చూపించే మనిషిని ఎక్కడికెళ్లి అడుగుతాం?

రాజోలు లైబ్రరీ కుర్రోడు:
అన్నా, నువ్వు చెప్పింది నాకు చాలా తగిలింది. కానీ రెండో సినిమాలో ఇంకో సగం ఉంది కదా. డబ్బు లేకుండా వనరుల్ని పంచుకోవడం. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నన్ను కదిలించింది అదే.

కాలువ శివారు:
తమ్ముడూ, దాని గురించి మాట్లాడే అర్హత మన డెల్టావాళ్లకి ఉన్నంతగా ఎవరికీ లేదనుకుంటాను. ఇక్కడ నీళ్లకి బజారు ధర లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అప్పట్నుంచీ సుమారు పది లక్షల ఎకరాల నీళ్లని ఇంజనీర్లు లెక్కగట్టి వదులుతున్నారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి ఎంతెంత, ఏ కాలువకి ఎంత, ఏ తూముకి ఎంత. నీటి తీరువా (పన్ను) కడతాం గానీ, ఎక్కువ డబ్బిచ్చినవాడికి ఎక్కువ నీళ్లు అన్న వేలం లేదు. ఆ ఫ్రెస్కో గారు చెప్పిన పద్ధతి, ఒక్క నీళ్ల వరకూ, మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది.

ఎలా నడుస్తుందో చూద్దువుగాని దాళ్వాకి, అంటే రబీ పంటకి, రా. ఫిబ్రవరి వచ్చేసరికి గోదావరిలో రాక తగ్గుతుంది, వంతులు పెడతారు. కాగితం మీద మా వంతు వచ్చిన రోజున కాలువలో పాదం తడవదు. పైన ఎవరో తూము దగ్గర రాయి తీసేసి కంత పెద్దది చేసుకుంటారు. కాలువ చూసుకునే లస్కరు ఒక్కడే, పది మైళ్లు తిరగాలి, అతనికి చెప్పినా అర్ధరాత్రి కాపలా కాయలేడు. మేం నలుగురం కలిసి ఆయిల్ ఇంజన్లు అద్దెకి తెచ్చి మురుగు కాలువలో నీళ్లు తోడుకుంటాం, ఉప్పుగా ఉన్నా సరే. అంటే నీళ్లకి డబ్బు లేదన్న చోట, డీజిలు రూపంలో మళ్లీ డబ్బే వచ్చింది, అది శివారు రైతు జేబులోంచే. లెక్క సైన్సు ప్రకారమే ఉంది. లెక్కని అమలు చేసే బలం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు తగాదా. ఆ సినిమాలో కంప్యూటరు అన్నీ చూసుకుంటుందంటారు. కంప్యూటరుకి తూము కాపలా ఎవరు?

రాజోలు లైబ్రరీ కుర్రోడు:
కానీ అన్నా, ఇన్ని తగాదాలున్నా నీళ్లు వేలం వేయాలని నువ్వు అడగవు కదా?

కాలువ శివారు:
అడగను. వేలం పెడితే మొదటి ఏడాదే చెరువులవాళ్లు కొనేస్తారు, శివారున వరి ఉండదు. నువ్వు చెప్పింది నిజమే. నీళ్లు డబ్బుతో ముడిపెట్టకుండా పంచొచ్చని ఈ డెల్టా చూపించింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి రైతులే ఎన్నుకునే కమిటీలు పెట్టారు. సంఘం గట్టిగా ఉన్న చోట, శివారు మనిషి ఆ కమిటీలో ఉన్న చోట, వంతు వంతుగానే వచ్చింది. ఆ సినిమాలో ఎన్నికా లేదు, సంఘమూ లేదు, పోట్లాటా లేదు. ఫ్రెస్కో గారు ఊహించిన గుండ్రటి నగరాలే ఉన్నాయి.

చర్చి పెద్ద, ముమ్మిడివరం:
క్రైస్తవులు నొచ్చుకుంటారని ముందే రాశారు కాబట్టి ఒక మాట. మా విశ్వాసం ఒక వీడియోకి చెదిరేది కాదు. అడ్డుపడం. కానీ మూడు గంటలు చీకట్లో వేసి, లైట్లు వేసి, ఇంటికెళ్లండి అనడం వద్దు. మధ్యలో ఆపి, మాట్లాడనివ్వండి.

ద్వాక్రా అక్క, అమలాపురం:
నాదీ అదే. మాస్టారు గారు వచ్చి, వడ్డీ సంగతి మాకు అర్థమయ్యేలా అక్కడే చెప్పాలి. సంపాదన కన్నా వడ్డీ ఎక్కువని చెప్పారు కదా, ఆ రెండు అంకెలూ ఎవరు తేలుస్తారో కూడా చెప్పాలి. అది చెప్పకుండా ‘లెక్క తప్పు’ అని వెళ్లిపోతే, మా వాళ్లు సినిమానే నమ్ముతారు. దానికి వాళ్లని తప్పుపట్టను.

పాలకొల్లు లెక్చరర్ (రిటైర్డ్):
తప్పకుండా వస్తానమ్మా. బాబూ, మొదటి సినిమా వద్దు, రెండోది వెయ్యి. వడ్డీ ఘట్టం దగ్గర ఒకసారి, వీనస్ నగరం దగ్గర ఒకసారి ఆపుదాం. శివారు రైతు గారు నీళ్ల సంగతి చెబితే, నా పాఠం కన్నా ఎక్కువ ఎక్కుతుంది.

భీమవరం గారికి ఒక మాట. ఒకే వ్యాపారం చేసేవాళ్లు సరదాకి కలిసినా, సంభాషణ చివరికి ధర పెంచే ఎత్తుగడ మీదికే పోతుందని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. కాబట్టి మీ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. ధర కోసం కుమ్మక్కు కావడం మన 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. అయితే సత్యం, లైబార్ రెండూ రుజువైంది కాగితాలతో. ఎవరు ఏ తారీకున ఎవరికి ఏ అంకె చెప్పారన్నది దొరికింది. ఒకేరోజు అందరూ తగ్గించారంటే కుమ్మక్కు కావచ్చు, అమెరికా ధర పడి అందరికీ ఒకే కబురు రావడమూ కావచ్చు. రెండింటినీ విడదీయాలంటే పది మంది రైతుల పట్టుబడి తారీకులు, కౌంటు, ఫోనులో చెప్పిన ధర, చివరికి ఇచ్చిన ధర పక్కపక్కన పెట్టాలి. మీరు తేగలరా?

భీమవరం చెరువు:
నా కాటా చీటీలు మూడు పంటలవి ఉన్నాయి మాస్టారూ, తెస్తాను. ఫోనులో చెప్పిన ధర క్యాలెండరు మీద రాసుకునే అలవాటు మా ఇంట్లో ఉంది, అదీ తెస్తాను. ఇంకో పది మందిని అడగమంటే అడుగుతాను. వాళ్ల భయం మాత్రం ముందే చెబుతున్నాను. ఈ కాగితం బయటికి వెళ్లిందని కొనేవాళ్లకి తెలిస్తే, వచ్చే పట్టుబడికి మా చెరువు గట్టు మీదికి ఒక్క బండి రాదు. ఎవరి చీటీ ఏదో తెలియకుండా ఎవరు ఉంచుతారు, ఎక్కడ ఉంచుతారు, ఆదివారం లోపు అది తేల్చండి. తేలితే పదేం, ఇరవై మందివి తెస్తాను.